"ప్రశ్నించవద్దు, ప్రార్థించు" అంటే పిల్లలు ఆగుతారా?

గడియారస్తంభం
సికింద్రాబాద్‌లో మా చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక యువతకు బైబిలు తరగతి చెబుతాను. ఎక్కువ మంది ఇంజనీరింగ్ పిల్లలు, కొందరు మాదాపూర్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లు. ఈ మధ్య డిగ్రీ చదివే ఒక అమ్మాయి లేచి అడిగింది: "యేసు అనే మనిషి నిజంగా ఉన్నాడనడానికి బైబిలు బయట ఆధారం ఉందా? ఉంటే మాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు?" నేను నోరు తెరిచేలోపే వెనక కూర్చున్న సంఘపెద్ద "ఇలాంటి ప్రశ్నలు సాతాను పెడతాడమ్మా, ప్రార్థన చేసుకో" అని ముగించేశారు. తర్వాతి వారం ఆ అమ్మాయి రాలేదు.

అదే పెద్దమనిషి వాట్సాప్‌లో రోజూ "నాసా బైబిలును నిరూపించింది" లాంటివి పంపుతుంటారు. పిల్లలు రెండు నిమిషాల్లో వాటి బండారం బయటపెడతారు. ఆ తర్వాత మనం చెప్పే నిజాన్ని కూడా అదే గాటన కట్టేస్తారు. నాకు కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది. విశ్వాసం గురించి నిలదీస్తే మీరు ఏమి చెబుతారు? ఏ వాదన నిలుస్తుంది, ఏది వదిలేయాలి? నమ్మనివాళ్లు కూడా రాయండి.

పాత_కీర్తన
సంఘపెద్దను అంత తేలికగా తీసిపారేయకండి. ఆయన మాట తీరు సరికాదు, నిజమే. కానీ మా తరానికి విశ్వాసం వాదన రూపంలో అందలేదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు అర్థం తెలియకముందే కంఠస్థం చేసినవాళ్లం. మా అమ్మకు రోమా చరిత్రకారుల పేరు ఒక్కటీ తెలియదు. కరువు చూసింది, అప్పులు చూసింది, బిడ్డను మట్టిలో పెట్టింది, చివరిదాకా నమ్మింది. దేవుణ్ణి లెక్కల పుస్తకంలో సిద్ధాంతంలా నిరూపించాలని కూర్చుంటే మొదటి అడుగే తప్పుతుంది.

తోమా_తమ్ముడు
మాస్టారూ, మీ అమ్మగారి విశ్వాసం అంటే గౌరవమే. కానీ ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈ అమ్మాయిని హాస్టల్లో అడుగుతారు, క్యాంటీన్‌లో అడుగుతారు, ఫోను తెరిస్తే అడుగుతారు. నేను ఇంటర్మీడియట్‌లో ఉన్నప్పుడు నోవహు ఓడ గురించి అడిగితే సండే స్కూల్ బయట నిలబెట్టారు. జవాబు దొరకలేదని నాకు బాధ లేదు. అడగడమే పాపమన్నట్టు చూశారు, అందుకే దూరమయ్యాను. ఇప్పుడు మా అమ్మ కోసం క్రిస్మస్‌కు మాత్రం వెళతాను.

చదువరి
ఆ నాసా మెసేజీ మా అపార్ట్‌మెంటు గ్రూపులో కూడా తిరుగుతోంది. దాని సంగతి ఎవరైనా వివరంగా రాస్తే అక్కడ పెడతాను.

గడియారస్తంభం
చదువరి గారూ, యెహోషువ 10వ అధ్యాయంలో సూర్యుడు నిలిచిన రోజు ఉంది కదా. నాసా కంప్యూటర్లు కాలాన్ని లెక్కవేస్తే ఒక రోజు తక్కువ వచ్చిందని, బైబిలు తెరిస్తే ఆ రోజు దొరికిందని కథ. 1970 ప్రాంతంలో అమెరికాలో బాగా పాకింది. అలాంటి పని ఏదీ జరగలేదని నాసా చెప్పింది. అసలు అలా లెక్కతేలే అవకాశమే లేదు. గ్రహాల స్థానాలను ఇప్పటి నుంచి వెనక్కు లెక్కిస్తారు. ఆనాటి స్థానాలను ఎవరైనా విడిగా రాసి ఉంచితే తప్ప, రోజు తగ్గిందని పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

డార్విన్ మరణశయ్య మీద మారుమనస్సు పొందాడన్నది ఇంకొకటి. ఆయన చనిపోయింది 1882లో. లేడీ హోప్ అనే ఆవిడ పేరుతో ఆ కథ అచ్చయింది 1915లో. తండ్రి చివరి రోజుల్లో తాను పక్కనే ఉన్నానని, ఇదంతా కల్పన అని ఆయన కూతురు హెన్రియెట్టా 1922లో రాసింది. ఇక ఐన్‌స్టీన్ విద్యార్థిగా నాస్తిక ప్రొఫెసరు నోరు మూయించాడన్నది పూర్తిగా కట్టుకథ. మనుషుల జీవితాల్లో కలగజేసుకునే దేవుణ్ణి తాను నమ్మనని ఆయన స్వయంగా రాశాడు.

అబద్ధ సాక్ష్యం పలకవద్దని పది ఆజ్ఞల్లో ఉంది. దేవుడి తరఫున పలికితే చెల్లుతుందని ఎక్కడా లేదు.

హేతువాది_పటమట
నాస్తికుణ్ణి. గోరా గారి నాస్తిక కేంద్రం ఉన్న పటమటలో పెరిగాను, ఇప్పుడు ఉండేది కూకట్‌పల్లి. పిలిచారు కాబట్టి రాస్తున్నాను.

ఆ అమ్మాయి ప్రశ్నకు సూటి జవాబు: ఆధారం ఉంది. యేసు అసలు పుట్టనే లేదని మావాళ్లలో కొందరు అంటారు, నేను ఒప్పుకోను. రోమా చరిత్రకారుడు టాసిటస్ సుమారు 116లో, నీరో చక్రవర్తి క్రైస్తవులను హింసించిన సంగతి రాస్తూ, వాళ్ల పేరుకు మూలమైన క్రీస్తుకు తిబెరి చక్రవర్తి కాలంలో రోమా అధిపతి పొంతి పిలాతు మరణశిక్ష వేశాడని చెప్పాడు. టాసిటస్‌కు క్రైస్తవులంటే ఏవగింపు. వాళ్లను సంతోషపెట్టడానికి రాసిన మాట కాదు అది. యూదు చరిత్రకారుడు జోసీఫస్ 93 ప్రాంతంలో, క్రీస్తు అనబడే యేసు సోదరుడైన యాకోబును చంపిన సంగతి రాశాడు.

అయితే జోసీఫస్‌లోనే ఇంకో పేరా ఉంది. అందులో యేసే క్రీస్తు అని, మూడో రోజున లేచాడని ఉంటుంది. క్రైస్తవుడు కాని యూదుడు అలా రాయడు. దాన్ని తర్వాతి క్రైస్తవ లేఖకులు పెంచారని చాలామంది పండితుల అభిప్రాయం. మీ ప్రసంగాల్లో మాత్రం మొదట చూపించేది దాన్నే. సరే, ఒక మనిషి ఉన్నాడు, సిలువ మీద చంపారు. అక్కడి నుంచి దేవుడి దాకా ఎలా వెళతారు?

మెహదీపట్నం_చాయ్
ఒక ముస్లిం మాట కూడా వినండి. మేము ఈసా అలైహిస్సలాంను ప్రవక్తగా నమ్ముతాం, కన్యకు పుట్టాడని నమ్ముతాం. ఖురాన్‌లో 19వ సూరా మరియమ్మ పేరు మీదే ఉంది. సిలువ దగ్గర మా దారి వేరు. ఆయనను సిలువ వేయలేదని, వాళ్లకు అలా అనిపించిందని 4వ సూరా 157 చెబుతుంది. కాబట్టి నాస్తికుడు, క్రైస్తవుడు కలిసి ఒప్పుకున్నదాన్ని కాదనేవాణ్ణి ఇక్కడ నేనొక్కణ్ణే.

హేతువాది_పటమట
చాయ్ గారూ, నన్ను చర్చి పక్షాన నిలబెట్టిన ఘనత మీదే. ఇరానీ చాయ్ బాకీ.

గడియారస్తంభం
హేతువాది గారు అడిగిన దూరం గురించి. తొలి క్రైస్తవ ప్రచారకుడు పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక సుమారు 55లో రాశాడు. తనకు అప్పగించినదాన్నే తాను అప్పగిస్తున్నానని 15వ అధ్యాయంలో అంటాడు: క్రీస్తు చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో దినాన లేచాడు, కేఫాకు, అంటే పేతురుకు, కనబడ్డాడు, పన్నెండుగురికి, ఐదు వందలకు పైగా సహోదరులకు, యాకోబుకు కనబడ్డాడు. ఆ ఐదు వందల మందిలో ఎక్కువ మంది ఇంకా బతికే ఉన్నారని కూడా రాశాడు. అంటే వెళ్లి అడగవచ్చు. ఆ వాక్యాలు పౌలు కన్నా ముందే కంఠస్థం కోసం కూర్చినవని, నమ్మని పండితులలో కూడా చాలామంది అంగీకరిస్తారు. సిలువ జరిగింది 30 ప్రాంతంలో. తరాలు గడిచాక అల్లుకున్న పుక్కిటి పురాణం అనడానికి ఇక్కడ వ్యవధి చాలదు.

యాకోబునే చూడండి. యేసు సహోదరులు ఆయనను నమ్మలేదని యోహాను 7:5 దాచకుండా చెబుతుంది. అదే యాకోబు తర్వాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. ఆయనను చంపారని చెబుతున్నది మీరు చూపించిన జోసీఫస్. అన్నను లెక్కచేయని తమ్ముడు అన్న పేరు కోసం ప్రాణం మీదకు తెచ్చుకునేంతగా మారాడంటే మధ్యలో ఏదో జరిగింది.

హేతువాది_పటమట
ఏదో జరిగిందన్నది ఒప్పుకుంటాను. పోయిన తండ్రి కనబడ్డాడని, మాట్లాడాడని చెప్పేవాళ్లు మన వీధుల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. దుఃఖం అంత పని చేస్తుంది. పౌలు తనకు కనబడినదాన్ని కూడా అదే వరుసలో చేర్చాడు. అపొస్తలుల కార్యములు 9 ప్రకారం అది వెలుగు, స్వరం. ఖాళీ సమాధి అన్న మాట పౌలు ఎక్కడా ఎత్తలేదు.

పాత_కీర్తన
సమాధి చేశారు, లేచాడు అని చెప్పాక సమాధి ఖాళీ అని మళ్లీ చెప్పాలా? ఇంకో సంగతి. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలు. ఆ కాలపు యూదు సమాజంలో ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువ. కథ కల్పించేవాడైతే పేతురునో యోహానునో ముందు పంపుతాడు. దుఃఖంలో కనబడే తండ్రి ఒక్కరికి కనబడతాడు, ఇంటిల్లిపాదితో కలిసి చేపలు తినడు.

తోమా_తమ్ముడు
మాస్టారూ, వాదన వద్దన్నారు, ఇప్పుడు అందరికన్నా గట్టిగా వాదిస్తున్నారు!

పాత_కీర్తన
వద్దనలేదు నాయనా, అదొక్కటే చాలదన్నాను. పౌలు ఏథెన్సులో తత్వవేత్తల మధ్య నిలబడి మాట్లాడాడు. కొందరు ఎగతాళి చేశారు, కొందరు మళ్లీ వింటామన్నారు, కొందరు నమ్మారు. ఇక్కడా అంతే జరుగుతోంది.

నిర్వాహకుడు
మతాలను, కులాలను దూషించిన రెండు పోస్టులు తీసేశాను. ఇప్పటిదాకా నడిచిన తీరులోనే నడపండి.

బేగంపేట_జీవశాస్త్రం
కాలేజీలో జీవశాస్త్రం బోధిస్తాను. పరిణామ సిద్ధాంతం పాఠం చెబుతాను, ఆదివారం చర్చికి వెళతాను. ఈ రెండింటిలో ఒకటి నటన అని విద్యార్థులు అనుకుంటారు. ఏదీ నటన కాదు.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది మన దగ్గరే. ఆ భవనం బేగంపేటలో ఇంకా ఉంది. ఆ సంతోషంలో ఆయన రాసుకున్న పద్యంలో మొదట తలుచుకున్నది దేవుణ్ణి. అంతమాత్రాన "చూశారా, శాస్త్రవేత్త కూడా నమ్మాడు" అని నేను విద్యార్థుల ముందు గెంతను. దోమలను ఒక్కొక్కటిగా కోసి చూడకపోతే ఆ పద్యమే లేదు. సూక్ష్మదర్శిని మీద వంగిన మనిషే కృతజ్ఞత కూడా చెప్పుకున్నాడు, నాకు ఆ కలయిక నచ్చుతుంది.

ఇక మహా విస్ఫోటనం. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో లెక్కగట్టి, అదంతా ఒక ఆదిమ పరమాణువు నుంచి మొదలైందని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లెమైత్ర్ ఒక కాథలిక్ గురువు. 1951లో పోపు పన్నెండో పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువులా చూపితే, అది లెమైత్ర్‌కే నచ్చలేదు. తన సిద్ధాంతం మత సంబంధమైన ప్రశ్నల బయట ఉంటుందన్నది ఆయన పట్టుదల. నేను మా యువతకు చెప్పేదీ ఇదే. శాస్త్రం ఇంకా పూరించని ఖాళీలో దేవుణ్ణి కూర్చోబెడితే, ఖాళీ పూడిన ప్రతిసారీ ఆయనను లేపి ఇంకో కుర్చీ వెతకాలి.

తోమా_తమ్ముడు
మరి ఆదికాండంలో ఆరు రోజులు?

బేగంపేట_జీవశాస్త్రం
ఆ రోజులు మన రోజుల్లాంటివి కావని క్రైస్తవ పండితుడు అగస్టీను ఐదో శతాబ్దంలోనే రాశాడు. అప్పటికి డార్విన్ లేడు, భూగర్భ శాస్త్రం లేదు. కాబట్టి దీన్ని సైన్సుకు భయపడి చేసిన సర్దుబాటు అనలేరు.

చదువరి
పన్నెండేళ్ల నుంచి ముప్పై దాకా యేసు హిమాలయాల్లో చదువుకున్నాడని మా మామయ్య గట్టిగా చెబుతారు. అది?

హేతువాది_పటమట
అదీ కట్టుకథే. లడఖ్‌లోని హెమిస్ మఠంలో ఆ చరిత్ర ఉన్న గ్రంథం చూశానని నోటోవిచ్ అనే రష్యన్ 1894లో పుస్తకం వేశాడు. సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ అదే ఏడాది తోసిపుచ్చాడు. 1895లో డగ్లస్ అనే ఆగ్రా ప్రొఫెసరు హెమిస్ దాకా వెళ్లి అడిగితే, అలాంటి గ్రంథమే లేదని అక్కడి ప్రధాన లామా చెప్పాడు. ఆ ఏళ్ల గురించి సువార్తలు దాదాపు ఏమీ చెప్పవు. ఏమీ లేని చోట ఎవరికి కావలసింది వాళ్లు రాసుకుంటారు.

తోమా_తమ్ముడు
పనిలో పనిగా ఇది కూడా తేల్చండి. 325లో నైసియా సభలో ఓట్లు వేసి ఏ పుస్తకాలు ఉండాలో ఎంచుకున్నారని, బైబిలును అప్పుడే మార్చేశారని ఆఫీసులో ఒకాయన అంటాడు.

గడియారస్తంభం
నైసియాలో తగవు క్రీస్తు స్వభావం గురించి, ఆయన సృష్టించబడినవాడే అన్న ఆరియస్ బోధ గురించి. పుస్తకాల జాబితా అక్కడ తేల్చలేదు. ఇప్పుడున్న 27 పుస్తకాలు, అవే, అన్నీ ఉన్న జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన పస్కా (ఈస్టర్) పత్రికలో కనిపిస్తుంది. అప్పటికి వాటిలో చాలా వరకు సంఘాలు తరాలుగా చదువుతున్నవే.

మార్చారా అన్నదానికి రాతప్రతులు చూడాలి. మాంచెస్టర్‌లోని రైలాండ్స్ గ్రంథాలయంలో అరచేతిలో పట్టేంత పాపిరస్ ముక్క ఉంది. యేసును పిలాతు విచారించే ఘట్టంలో యోహాను 18లోని కొన్ని వరుసలు దాని మీద ఉన్నాయి. రెండో శతాబ్దానిదని సాధారణంగా చెబుతారు. చేతిరాత చూసి కట్టిన కాలం కాబట్టి కొన్ని దశాబ్దాలు అటూ ఇటూ కావచ్చు. ఆ పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో బయటపడింది. గ్రీకు ప్రతులు ఐదు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో తేడాలు లక్షల్లో ఉన్నాయి. ఎక్కువ భాగం అక్షర దోషాలు, మాటల వరుస. పెద్దవి కొన్నే ఉన్నాయి, వాటిని దాచకూడదు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, యోహాను 7:53 నుంచి 8:11 దాకా, బాగా పాత రాతప్రతులైన సినాయి ప్రతిలో గానీ వాటికన్ ప్రతిలో గానీ లేదు.

పాత_కీర్తన
ఆ కథ మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. "మీలో పాపం లేనివాడు మొదట రాయి వేయాలి" అన్న మాట విని తాగుడు మానిన మనిషిని నాకు తెలుసు. దాన్ని యువత ముందు ఇలా బద్దలు కొట్టడం అవసరమా?

గడియారస్తంభం
మాస్టారూ, మనం చెప్పకపోతే ఎవరో ఒక వీడియోలో, వెక్కిరిస్తూ చెబుతారు. ఆ కథ చాలా పాతదని, యేసు గురించి నిజంగా జరిగిన సంగతే కావచ్చని అనే పండితులు ఉన్నారు. అది కూడా చెబుదాం. ఏది గట్టిగా తెలుసో, ఏది తెలియదో విడదీసి చెప్పే బోధకుణ్ణి పిల్లలు నమ్ముతారు.

మెదక్_ఆడపడుచు
నేను నర్సుని. మెదక్ చర్చి గంట వింటూ పెరిగాను. కరువు రోజుల్లో పనికి అన్నం పెట్టి కట్టించారని మా ముసలివాళ్లు చెప్పేవాళ్లు. 1924 క్రిస్మస్‌కు ప్రతిష్ఠ అయింది. ప్రతులు, పాపిరస్‌లు మంచివే. నా ముందుకు వచ్చే ప్రశ్న వేరు.

ఒక స్వస్థత సభలో "నీకు షుగరు పోయింది" అంటే నమ్మి, ఇన్సులిన్ మానేసి, పాదం కుళ్లిన తర్వాత ఒక తల్లి మా వార్డుకు వచ్చింది. కాలు తీసేశారు. ఆమె కొడుకు నన్ను కారిడార్‌లో ఆపి, "సిస్టర్, మీరూ క్రిస్టియనే కదా. ఆ రోజు మా అమ్మ మీద చేయి పెట్టినవాడు చెప్పింది అబద్ధమా, మీ దేవుడు చెప్పింది అబద్ధమా?" అని అడిగాడు. అతనికి టాసిటస్ గురించి చెప్పమంటారా? చేయి పెట్టినవాడు అబద్ధం చెప్పాడన్నాను. మందు మానమని యేసు ఎవరికీ చెప్పలేదని, కుష్ఠరోగిని బాగుచేశాక కూడా వెళ్లి యాజకుడికి చూపించుకోమన్నాడని చెప్పాను. ఆ కొడుకు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మనల్ని నమ్మకపోవడానికి బయటి నాస్తికుల కన్నా లోపలి ఇలాంటి మనుషులే ఎక్కువ కారణాలు ఇస్తున్నారు.

హేతువాది_పటమట
ఆడపడుచు గారికి నమస్కరించాలనిపించింది. అలాంటి ప్రకటనల మీద 1954లోనే చట్టం వచ్చింది. మంత్రాలతో, మహిమలతో షుగరు, క్యాన్సరు లాంటివి నయం చేస్తామని ప్రచారం చేయడం నేరం. మీ సంఘాలే ఫిర్యాదు చేస్తే ఎంత బాగుంటుంది!

ప్రార్థన మీద ఒక పరిశోధన కూడా చెబుతాను. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద జరిగింది, ఫలితాలు 2006లో వచ్చాయి. ప్రార్థన వల్ల మేలు ఏమీ కనిపించలేదు. పైగా తమ కోసం ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్లలో ఇబ్బందులు 59 శాతం, ప్రార్థన ఉందో లేదో తెలియకుండానే అందుకున్నవాళ్లలో 52 శాతం.

మెదక్_ఆడపడుచు
ఆ ఫలితం నన్ను కలవరపెట్టదు. పట్టుబడే ముందు గెత్సేమనే తోటలో యేసు ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగించమని అడిగాడు. తొలగలేదు. అడిగింది దొరకడమే ప్రార్థనకు రుజువైతే, మొదట ఓడిపోయినవాడు ఆయనే. నేను మందు సమయానికి ఇస్తాను. అడిగినవాళ్ల పక్కన నిలబడి ప్రార్థిస్తాను. ఒకదాని బదులు ఇంకొకటి ఎప్పుడూ ఇవ్వలేదు.

హేతువాది_పటమట
మీ మాటలో నిజాయితీ ఉంది. అయినా ఒక చిక్కు. దొరికితే దేవుడి మహిమ, దొరకకపోతే దేవుడి చిత్తం. ఎటు తిరిగినా తప్పు కాలేని మాటను నేను ఎలా పరీక్షించాలి?

చదువరి
ఇది చదువుతుంటే 1908 సెప్టెంబరు 28 మూసీ వరద గుర్తొచ్చింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారంటారు. దేవుడే ఆ చెట్టును నాటించాడని మా అత్తగారు చెబుతారు.

తోమా_తమ్ముడు
కొట్టుకుపోయిన వేలమందికి చెట్టు ఎందుకు నాటించలేదు?

పాత_కీర్తన
తోమా, నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్లంటే నాకు భయం.

యోబు గ్రంథం చదువు, మొదటి రెండు అధ్యాయాలు చదివి ఆపేయకుండా చివరిదాకా. యోబు పిల్లలు చనిపోయారు, ఒళ్లంతా పుండ్లు. ముగ్గురు స్నేహితులు వచ్చి దేవుణ్ణి సమర్థిస్తూ పేజీలకు పేజీలు మాట్లాడారు: దేవుడు న్యాయవంతుడు, నువ్వే ఏదో తప్పు చేసి ఉంటావు అని. యోబు దేవుణ్ణి నిలదీశాడు, పుట్టిన రోజును శపించుకున్నాడు. 42:7లో దేవుడు ఎవరి మీద కోపపడ్డాడో చూడు. తనను సమర్థించినవాళ్ల మీద. వాళ్లు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదు, నా సేవకుడైన యోబు పలికాడు అన్నాడు. మూసీ ఒడ్డున శవాల మధ్య కూర్చున్న తల్లి దగ్గర చింతచెట్టు గురించి మాట్లాడేవాడు ఆ ముగ్గురిలో ఒకడు.

88వ కీర్తన ఓదార్పు లేకుండానే, చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని ఎవరూ కత్తిరించలేదు, బైబిల్లో అలాగే ఉంచారు. సిలువ మీద యేసు "నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు?" అన్నాడు. ఆ ప్రశ్నకు అప్పుడు ఆకాశం నుంచి జవాబు రాలేదు. నువ్వు అడిగిన ప్రశ్ననే అడిగిన దేవుణ్ణి నేను ఆరాధిస్తున్నాను. నా చిన్నకొడుకును మట్టిలో పెట్టిన రోజున నన్ను నిలబెట్టింది అదే. దీన్ని వాదనగా తీసుకోవద్దు.

హేతువాది_పటమట
దీనికి ఎదురు మాట రాయను మాస్టారూ. ఒక్కటి మాత్రం చేరుస్తాను. ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారు లెక్కలు కట్టి దారి చూపితే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. తర్వాత వానలొచ్చినప్పుడు ఊరిని కాచినవి అవి.

బేగంపేట_జీవశాస్త్రం
అక్కడ మీతో నాకు తగువు లేదు. ఆ లెక్కలు కట్టడం కూడా పొరుగువాణ్ణి ప్రేమించడమే.

కొత్తపేట_కుర్రాడు
ఇంత చర్చ అవసరమా? మన దగ్గర ఎక్కువ మంది బియ్యం కోసం, పాలపొడి కోసం మారినవాళ్లే కదా.

గుండ్లకమ్మ
మాది ఒంగోలు వైపు, ఇప్పుడు ఉండేది ఉప్పల్. ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను కాబట్టి పూర్తిగా రాస్తాను. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లోనే బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే, కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని ఇవ్వకుండా ఆపాడు. కాలువ పని ముగిశాక, 1878 జూలై 3న, మా గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువ మంది మాదిగలు. ఊరి బావి దగ్గరకు రానివ్వని మనిషిని ఒకరు పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టి, చదువు చెబితే అతను ఎందుకు మారాడో బియ్యం లెక్కతో తేలదు.

ఇప్పటి సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు. మనవాళ్లకు మిగిలింది బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్. లాభం చూసుకుని మారేవాడు ఈ బేరానికి వస్తాడా తమ్ముడూ?

ఇప్పుడు మనవాళ్లకు చెప్పాల్సింది. క్రీస్తులో దాసుడు లేడు, స్వతంత్రుడు లేడు, అందరూ ఒక్కటే అని గలతీయులకు 3:28 గోడ మీద రాసుకుంటాం. పెళ్లి ప్రకటనల్లో మాత్రం క్రిస్టియన్ మాల, క్రిస్టియన్ మాదిగ, క్రిస్టియన్ రెడ్డి. సంఘం ఎన్నికలు కులం లెక్కల మీద. రేపు యువత దీని గురించి అడిగితే ఏ రాతప్రతి చూపిస్తారు?

కొత్తపేట_కుర్రాడు
కాలువ సంగతి, 1950 ఉత్తర్వు సంగతి నాకు తెలియవు అక్కా. చదువుతాను.

హేతువాది_పటమట
గుండ్లకమ్మ గారు మీవాళ్లకు వేసిన ప్రశ్న పక్కన ఇంకొకటి. దేవుడు లేకపోతే నీతి ఉండదని ప్రసంగాల్లో వింటుంటాను. గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అన్ని కులాలవాళ్లను ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టారు. ఆయన ఏ దేవుడికీ భయపడి ఆ పని చేయలేదు.

గడియారస్తంభం
నాస్తికుడికి నీతి ఉండదన్న మాట బైబిలుకే విరుద్ధం. ధర్మశాస్త్రం లేనివాళ్ల హృదయాల మీద కూడా దాని సారం రాసి ఉందని రోమీయులకు 2:15 చెబుతుంది. నా వాదన వేరు. కులం తప్పు అన్నది నిన్న, నేడు, ఊరంతా ఒప్పుకోకపోయినా తప్పే అని మీరూ నేనూ అంటాం. మనుషులు కలిసి పెట్టుకున్న ఏర్పాటు మాత్రమే అయితే ఊరంతా కాదన్న రోజున అది ఎందుకు నిలవాలి? ప్రతి మనిషీ దేవుని స్వరూపంలో ఉన్నాడు కాబట్టి నిలుస్తుందని నేను నమ్ముతున్నాను.

హేతువాది_పటమట
బాధ బాధే కాబట్టి నిలుస్తుందని నేనంటాను. బావి దగ్గర గెంటేసిన మనిషికి కలిగే నొప్పికి పైనుంచి సంతకం అక్కర్లేదు. ఇది ఇక్కడ తేలదు. నా పాత ప్రశ్నకే వస్తాను. ఏది జరిగితే మీరు విశ్వాసం వదులుతారు? ఏదీ లేదంటే మన చర్చకు అర్థం లేదు.

గడియారస్తంభం
ఉంది. యేసు ఎముకలు ఇవే అని సందేహం లేకుండా తేలితే వదిలేస్తాను. నేను కొత్తగా పెట్టిన షరతు కాదు ఇది. క్రీస్తు లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం అని పౌలే 1 కొరింథీ 15:14లో రాశాడు. స్వస్థత, ప్రార్థన, మనసు నెమ్మది, ఇవేవీ కాదు, ఈ ఒక్క సంఘటన మీద మొత్తం పందెం కాశాడు. ఇక మీరు చెప్పండి. ఏది చూస్తే నమ్ముతారు?

హేతువాది_పటమట
న్యాయమైన ప్రశ్న. తెగిపోయిన కాలు తిరిగి మొలవాలి. ముందు, తర్వాత తీసిన ఎక్స్‌రేలు ఉండాలి. ఏ చర్చికీ సంబంధం లేని వైద్యులు చూడాలి. అప్పుడు కూడా వెంటనే మోకరిస్తానని చెప్పను, కానీ నా లెక్క తప్పిందని మాత్రం బహిరంగంగా రాస్తాను.

మెదక్_ఆడపడుచు
అలాంటిది నా సర్వీసులో చూడలేదు అన్నా. చూశానని చెబితే ఆ సభ పెట్టినవాళ్లకూ నాకూ తేడా ఉండదు.

హేతువాది_పటమట
ఈ మాట మీరు రాసినందుకు చెబుతున్నాను. గడియారస్తంభం గారి యువత తరగతికి నేను వస్తాను, పిలిస్తే. మార్కు సువార్త కలిసి చదువుదాం, చిన్నది, ఒక మధ్యాహ్నంలో అవుతుంది. నా షరతు ఒకటే, 16:8 దగ్గర ఆపాలి. సినాయి, వాటికన్ ప్రతుల్లో అక్కడితో అయిపోతుంది.

పాత_కీర్తన
రండి. 16:8 దగ్గర ఆపుదాం. ఆ తర్వాతి పన్నెండు వచనాల గురించి నా అభిప్రాయం నాకుంది, రెండో శతాబ్దంలో ఇరేనియస్ అనే బిషప్పు అప్పటికే వాటిలో ఒకదాన్ని ఉదహరించాడు. అది అక్కడ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుందాం.